దేవుడి గూట్లో సీడీ

కరోనాకు ముందటి ఏడాది, ఫిబ్రవరిలో, నన్ను చిలకలూరిపేట రోడ్డు మీదున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి పంపారు. అప్పటికి నేను బ్రాడీపేటలోని ఒక కంప్యూటర్ సర్వీసు సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజినీరుని. జూనియర్ వెళ్ళి చేతులెత్తేస్తే సీనియర్ వెళ్ళాలి. సీనియర్ కూడా చేతులెత్తేస్తే మేనేజరు ఫోనులో క్షమాపణ చెప్పాలి. మా సంస్థలో హోదాల వరస అంతే. నా పట్టా ఐ.టి.ఐ. దగ్గర ఆగింది. మిగతా చదువంతా జిల్లా గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన సాయంత్రాల్లో సాగింది. అక్కడ కంప్యూటర్ పుస్తకాలు తక్కువ. కాబట్టి వైద్యం, ఖగోళం, రైల్వేల చరిత్ర, ఏది దొరికితే అది చదివాను. ఏదీ వృథా పోలేదు.

ఫిర్యాదు చిన్నదే. రోజూ ఉదయం కంప్యూటరు నీలం తెర చూపించి ఆగిపోతోంది. మావాళ్ళు అప్పటికే చాలాసార్లు వెళ్ళొచ్చారు. వెళ్ళిన ప్రతివాడూ ఫార్మాట్ కొట్టాడు. అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచి, అన్నీ మొదటి నుంచి ఎక్కించాడు. వచ్చిన ఫిర్యాదును సాయంత్రానికి మూసెయ్యాలన్నది మా సంస్థ నియమం. రోగం తెలియకపోయినా ఫిర్యాదు మూయడానికి ఫార్మాట్‌కు మించిన మందు లేదు. సూదిమందు పొడిచిన డాక్టరు మీద రోగికి గురి కుదిరినట్టు, ఫార్మాట్ కొట్టిన ఇంజినీరు మీద కస్టమరుకు గురి కుదురుతుంది.

నేను వెళ్ళేసరికి గేటు బయట మిర్చి బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. ఆఫీసులో అందరూ తుమ్ముతూనే కారణాలు చెప్పారు. వాచ్‌మన్ మిరప ఘాటు అన్నాడు. మేనేజరు రంగారావు కరెంటు అన్నాడు. యజమాని సాంబశివరావుగారు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పారు.

“మిషన్‌ది తప్పేం లేదండీ. పొద్దున కూర్చునే ఆ అమ్మాయి హస్తవాసి బాలేదు. మధ్యాహ్నం మా శీను కూర్చుంటే ఒక్కసారి కూడా ఆగదు. ఈ శనివారం దాకా చూస్తా. ఆ తర్వాత మాన్పించేస్తా.”

మా వైపు డాక్టర్లకు హస్తవాసి చూస్తారు. నారు పోసేవాళ్ళకు, ఆవకాయ కలిపేవాళ్ళకు కూడా చూస్తారు. కంప్యూటర్ ఆపరేటరుకు చూడటం నేను వినడం అదే మొదలు.

ఆ అమ్మాయి పేరు సలోమి. పక్క ఊరి చర్చిలో పాటల కాగితాలు కొడుతూ తెలుగు టైపు నేర్చుకుంది. ఆమె తల్లి అదే కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకు ముచ్చికలు తీసే కూలీ. ఉద్యోగం పోతే సలోమి కూడా వెళ్ళి ఆ షెడ్డులోనే కూర్చోవాలి. అది తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు. సలోమి చేరిన నెలలోనే కొత్త కంప్యూటరు కూడా వచ్చింది. అయితే కొత్తగా వచ్చిన రెండింటిలో అందరి కళ్ళూ మనిషి మీదే పడ్డాయి.

“నేనేం చెయ్యలేదండీ,” అందామె నేను అడగకముందే. “ప్రింటు నొక్కుతానండి. అంతే, నీలంగా అయిపోద్ది.”

ఒక పాత వైద్య చరిత్ర పుస్తకంలో చదివాను: ఊళ్ళో జబ్బు పడితే, అది ఎవరికి వచ్చిందన్నది ఒక్కటే అడిగితే చాలదు, వాళ్ళు ఏ నీళ్ళు తాగారో కూడా అడగాలట. అందుకని కంప్యూటరు జోలికి పోకుండా కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. రైతు సరుకు లోపల పెట్టగానే ఆఫీసు ఒక రసీదు ఇస్తుంది. దాన్ని బాండు అంటారు. రైతు మళ్ళీ సరుకు తీసుకోవాలన్నా, బ్యాంకులో అప్పు తెచ్చుకోవాలన్నా ఆ కాగితమే ఆధారం. సలోమి బాండు మీద పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులో కొట్టేది. రైతు దాన్ని పెదవులు కదుపుతూ చదువుకుని మడిచి జేబులో పెట్టుకునేవాడు. అలా కొన్ని బాండ్లు వచ్చాక నీలం తెర పడింది. మధ్యాహ్నం శీను కూర్చున్నాడు. యజమానికి మేనల్లుడు. అతను అన్నీ ఇంగ్లీషులోనే, పేర్లు పొడి అక్షరాల్లో కొట్టాడు. ఎన్ని కొట్టినా యంత్రం కిమ్మనలేదు.

నీలం తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒక్కోసారి ఒక ఫైలు పేరు కూడా ఉంటుంది. ఆ తెర కనబడగానే అందరూ స్విచ్చి ఆపుతారు గాని చదవరు. నేను చదివాను. అది ప్రింటరు కేబులు తాలూకు డ్రైవరు. అక్కడి ప్రింటరు పాతకాలపు డాట్ మ్యాట్రిక్సు. దాన్ని తగిలించే చోటు కొన్నేళ్ళుగా వచ్చే కంప్యూటర్లకు ఉండదు కాబట్టి మధ్యలో ఒక కన్వర్టర్ కేబులు పెడతారు. కంప్యూటరు మాట ఆ కేబులుకు, కేబులు మాట కంప్యూటరుకు చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. ఇంగ్లీషు అక్షరాలు ప్రింటరులోనే ఉంటాయి, ఏ అక్షరమో చెబితే చాలు, అదే కొట్టుకుంటుంది. తెలుగు అక్షరాలు అందులో లేవు. ప్రతి అక్షరాన్నీ చుక్కల బొమ్మగా మార్చి పంపాలి. అంత బరువు మీద పడేసరికి, ఎప్పటిదో ఆపరేటింగ్ సిస్టం కోసం రాసిన ఆ డ్రైవరు కాలుజారి, తనది కాని మెమరీలో అడుగుపెడుతోంది. ఇంకా పెద్ద నష్టం జరక్కుండా కంప్యూటరు తనంతట తానే ఆగిపోతోంది.

ఇదంతా విని రంగారావు తేల్చేశాడు. “ఇంతేనా? ఆ అమ్మాయిని కూడా ఇంగ్లీషులోనే కొట్టమంటే సరిపోద్దిగా.”

కిటికీ దగ్గర బాండు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన విన్నాడు. “ఏవయ్యా రంగారావూ, ఇంగ్లీషులో కొడితే మా ఊళ్ళో సగం మంది కే.వి.రావులేనయ్యా. నా టిక్కీలు ఇంకొకడు తోలుకుపోతే నువ్విస్తావా?”

పాత డ్రైవరును పూర్తిగా తొలగించి, కేబులు తయారీదారు సైటు నుంచి కొత్తది దించాను. తొలగించడం ముఖ్యం. పాతదాన్ని ఉంచి కొత్తది వేస్తే, అదను చూసి పాతదే మళ్ళీ పనిలోకి దిగుతుంది. తర్వాత సలోమి చేత ఆపకుండా తెలుగు బాండ్లు కొట్టించాను. ప్రింటరు వేడెక్కింది గాని కంప్యూటరు ఆగలేదు.

పని అయిపోయిందనుకున్నాను. రంగారావు లోపలికి వెళ్ళి, చెప్పులు విడిచి, దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డలో చుట్టిన ఒక సీడీ తెచ్చాడు. దాని మీద కుంకుమ బొట్టు. పాత కంప్యూటరు ఉన్నప్పుడు కేబులు కొన్నరోజు ఇచ్చిన సీడీ అది. దసరాకు కాటాతో పాటు దానికీ పూజ చేస్తారు.

“మీరేసింది నెట్‌లోది కదండీ,” అన్నాడు. “ఒరిజినల్ మా దగ్గరుంది. ఎందుకైనా మంచిది, దీన్ని కూడా ఎక్కించండి. ఇదివరకు వచ్చినవాళ్ళంతా దీన్నే ఎక్కించారు.”

అప్పుడు అర్థమైంది. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ రోగాన్ని తుడిచి, వెంటనే పూజగదిలోంచి తెచ్చి మళ్ళీ ఎక్కించారు. నేను వెళ్ళిపోయాక ఎవరో ఒకరు ఆ సీడీ పెట్టడం ఖాయం. అప్పుడు సలోమి పని అంతే. కంప్యూటరు మారింది గనుక డ్రైవరూ మారాలని సాంబశివరావుగారికి చెప్పి చూశాను.

“పాత వస్తువే గట్టిదండీ,” అన్నారాయన. “నెట్‌లో దొరికేదాన్ని నమ్మేదెట్లా?”

ఆ పూటే ఆయన వాస్తు చూడమని పొన్నూరు నుంచి ఒక సిద్ధాంతిగారిని పిలిపించారు. నేను వరండాలో టీ తాగుతుంటే సిద్ధాంతిగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఉద్యోగం పోబోయే అమ్మాయి సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

“మా జాతకాల ప్రింటరుకూ ఇదే రోగమండీ,” అన్నారు. “రాశిచక్రం వరకు వచ్చేది, ఫలం దగ్గర ఆగిపోయేది. డ్రైవరు మార్చుకున్నాకే కుదురుకుంది. ఇంతకీ సీడీ ఉంటే ప్రమాదం, అంతేనా?”

అంతే అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళి గది నాలుగు మూలలూ చూశారు. సీడీని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుగుకు ఎత్తారు. “ఇది పాత యంత్రానిది సాంబశివరావుగారూ. ఆ యంత్రం గడప దాటాక దీన్ని ఇంట్లో ఉంచకూడదు. కొత్త యంత్రంలో అసలే పెట్టకూడదు. సాగర్ కాలువలో కలిపేయండి. పాపం ఆ పిల్ల చేతిదేం లేదు.” నా చేత గంటసేపు చెప్పించుకుని ఒప్పుకోనివాళ్ళు ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. పిలిచినందుకు బల్లను కూడా తూర్పుకు కొంచెం తిప్పించి ఆయన సెలవు తీసుకున్నారు.

నీలం తెర మళ్ళీ రాలేదు. సలోమి ఉద్యోగం నిలిచింది. మరుసటి సీజనులో ఏడాది నిర్వహణ ఒప్పందం మీద సంతకం కోసం వెళ్తే, రెండు పూటలా ఆమే కూర్చుంటోందని, ఆమె హస్తవాసి చాలా మంచిదని సాంబశివరావుగారే నాతో అన్నారు. శీనును కాటా దగ్గరికి మార్చారట.

ఆ రోజు నా సర్వీసు రిపోర్టులో “పాత డ్రైవరు తొలగింపు, కొత్త డ్రైవరు అమరిక” అని రాశాను. అందులో అబద్ధం లేదు గాని, సగమే ఉంది. ఆగిపోయిన యంత్రానికి కారణం కనిపెట్టడం మా వృత్తి. ఆ కారణాన్ని యజమాని చేత ఒప్పించడం వేరే వృత్తి, దానికి మాకు శిక్షణ లేదు. మొదటిది చేసి రెండోది వదిలేస్తే యంత్రం బాగుపడుతుంది, దాని ముందు కూర్చున్న మనిషి బజారున పడుతుంది. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో, ఎక్కడికి వెళ్ళినా ఆ ఆఫీసులో ఎవరి మాట చెల్లుతుందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే సంచి విప్పేవాణ్ణి.