పగులు వినే చెవి

నాకు అవార్డు తెచ్చిపెట్టిన సినిమాలో అందరూ మెచ్చుకున్న షాట్ ఒకటుంది. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె ఒక రాతి పలకను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, సన్నటి పగులు కనిపెట్టి, దాన్ని పక్కన పెడుతుంది. ఆ వెలుతురు కోసం యూనిట్ మొత్తాన్ని మూడు రోజులు కూర్చోబెట్టాను, కెమెరామన్‌తో కొట్లాడాను. అవార్డు ఇచ్చినవాళ్ళు ఆ షాట్‌లో నిజం ఉందన్నారు. నేనూ నమ్మాను.

మా అమ్మ మార్కాపురంలో ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేసింది. కోసి నునుపు చేసిన పలకలు ఆమె ముందుకొస్తే, మంచివాటిని చట్రం బిగించడానికి పంపి, పగుళ్ళున్నవి తీసేసేది. బడి అయిపోగానే నేను వెళ్ళి ఆమె పక్కనే కూర్చునేదాన్ని. అందుకే ఈ సినిమా తీసే హక్కు నాకు తప్ప ఇంకెవరికీ లేదని నా పొగరు. నా మొదటి సినిమాను పొదిలిలో రెండో రోజే ఎత్తేశారు. అప్పుడు అమ్మ, "పోనీలే, ఆ కథ నీది కాదు గదా" అంది. ఆ మాటను ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుని తిరిగాను. ఈ కథ నాది. ఈసారి బాగుందని ఆమె నోటి వెంట అనిపించుకోవాలి. నిజం చెప్పాలంటే, అవార్డుకన్నా నాకు కావలసింది అదే.

అమ్మతో పనిచేసిన ఆడవాళ్ళందరికీ మా ఊరి థియేటర్లో ఒక ఉదయం ఆట వేయించి, నేను వెనక నిలబడ్డాను. ఆ షాట్ వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు, తర్వాత వరసంతా. ఢిల్లీలో అవార్డు ఇచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి చూసిన చోట మావాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సినిమా అవగానే, అమ్మ పక్కన కూర్చున్నామెను నిలదీశాను.

"ఏంది పిన్నీ, అంత నవ్వొచ్చిందా?"

"పలకను అట్ల ఎత్తి చూస్తారా అమ్మీ? అద్దంలో మొకం చూసుకున్నట్ల!" అని ఆమె మళ్ళీ నవ్వింది.

అమ్మ నవ్వలేదు. "సన్న పగులు కంటికి ఆనదే. వేలి కణుపుతో కొట్టి వినాల. కంటికి కనపడేదైతే మాకు కూలి ఎందుకిస్తారు?" అంది.

మేనమామకు అమ్మ పుట్టిల్లు చూపించబోయినట్టుంది నా పని. అది కూడా తప్పుడు ఇల్లు. ఆమె పక్కన కూర్చున్న సాయంత్రాలన్నీ ఆ టక్ టక్ చప్పుడు నా చెవిన పడుతూనే ఉండేది. ఊరికే చేతి అలవాటు అనుకున్నాను. షూటింగ్‌కు ముందు ఒక్కసారైనా ఆమెను అడగలేదు. నాకు అన్నీ తెలుసు కదా! సిగ్గేసింది.

ఇంటికొచ్చాక అవార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పింది.

"ఇది చూసి ఇచ్చినారా, విని ఇచ్చినారా?"

వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది.

అమ్మ లేచి బీరువా వెనక నుంచి ఐదు పలకలు తెచ్చి నా ముందు పెట్టింది. "కళ్ళు మూసుకో. కొట్టు."

కొట్టాను. "అన్నీ ఒకటే మాదిరి ఉండాయి మా" అన్నాను.

"మళ్ళీ కొట్టు."

కణుపు ఎర్రబడింది, కోపమొచ్చింది. సెట్లో నటులతో నేనూ ఇలాగే అంటాను, మళ్ళీ, మళ్ళీ అని. ఎన్నోసారో ఏమో, మూడో పలక మాత్రం టంగుమనలేదు. మొద్దుగా పలికింది.

"ఇదీ" అన్నాను కళ్ళు తెరవకుండానే.

"ఆఁ. ఈ పూటకు నీకు కూలి ఇయ్యొచ్చు" అంది అమ్మ.

వేదిక మీద రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.