బాలింత గదిలో ఇనుప కుంపటి

నా పురిటి గదికి ఎలాంటి కుంపటి కావాలో నన్ను తప్ప అందరినీ అడిగారు. కొత్తగా రాష్ట్రం ఏర్పడిన రోజులవి. మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నాకు అమ్మ లేదు కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది.

బాలింత ఒంటికి కాక తగలాలని మంచం కింద నిప్పులు పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. గుప్పెడు బొగ్గులు పట్టే మట్టి కుంపటి చాలునని మంత్రసాని చెప్పింది. మామది ఇనుప సామాన్ల దుకాణం. తన కోడలి మంచం కింద మట్టి కుంపటి పెడితే ఊరు నవ్వదా అని, దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది మోయించుకొచ్చారు. పెళ్లి వంటకు సరిపోతుంది అది. జాగ్రత్తలకేం తక్కువ లేదు. కింద పలకరాళ్లు పరిచారు, మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు, వేలాడే దుప్పటి అంచులు పైకి దోపారు, మూలన బానెడు నీళ్లు పెట్టారు. అంతా అయ్యాక, బాలింతకు గాలి సోకకూడదని అత్త ఆ గదికున్న ఒకే ఒక్క గవాక్షంలో గోనెపట్టా కుక్కింది.

రెండో రోజుకే తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. పెరట్లోకి వెళ్తే తేలికపడేది, గదిలోకి వస్తే మళ్లీ మొదలయ్యేది. అదే అత్తకు చెప్పాను. పెరట్లోనే గాలి సోకిందని తేల్చేసి, తలుపు కింద సందులో పాత చీర దూర్చింది. ఇంకో చేటెడు బొగ్గులు వేయించింది. నా మాటకు ఆ ఇంట్లో పూచికపుల్ల విలువ లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పాలివ్వబోతే బిడ్డ నోరు తెరవలేదు. మెడ వాల్చేసింది. అరికాలు గిల్లినా ఉలుకూ పలుకూ లేదు. బిడ్డను ఎత్తుకుని పెరటి తలుపు తీస్తే అత్త అడ్డం వచ్చింది.

"పచ్చి ఒళ్లు, యాడికి పోతావు? గాలి కొడితే బిడ్డ దక్కదు."

"ఈ గదిలో ఉంటేనే దక్కదు. అడ్డం లే అత్తా."

పెళ్లయ్యాక ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. భుజంతో నెట్టుకుని బయటపడ్డాను. బిడ్డ వీపు రుద్దుతూ, ఊపుతూ, ఇంటిల్లిపాదినీ నోటికొచ్చినట్టు తిట్టాను. మామను తిట్టాను, ఆయన పరువును తిట్టాను. చాలాసేపటికి బిడ్డ మూలిగింది, తర్వాత సన్నగా ఏడ్చింది.

అత్త గడపలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు. ఆ ఏడుపు విని గదిలోకి తిరిగి, మండుతున్న కుంపటినీ గోనెపట్టా కుక్కిన గవాక్షాన్నీ చూసింది.

"నాకు ఇద్దరు బిడ్డలు ఈ గదిలోనే పోయినారు పాపా," అంది. "గాలి సోకిందన్నారు. రెండోసారి కంతలన్నీ నేనే మూసినాను."

ఆమె కోసం దాచుకున్న తిట్లు ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఆమె మీద కోపం ఆ పెరట్లోనే పోయింది. గాలి సోకిందని ఆమెకు చెప్పినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.