పెద్దమ్మ చేతి పెత్రమాస గారెలు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మిల్లుకు పోయే కార్మికుడొకడు మా వాకిట్లో చెప్పి వెళ్లాడు. తెల్లవారినా దుకాణం తలుపు తెరుచుకోలేదట. నలుగురూ కలిసి తలుపు తీసి, రిక్షాలో పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందట. నేను గడపలో కూలబడి ఏడ్చాను. మా బాపు పేపరు మడిచి, అమ్మ వైపు చూసి అన్నాడు: "ఇగ పొద్దుగాల గారెలు దొరకయని ఏడుస్తాంది."

మా ఇంట్లో నన్ను ఎప్పుడూ ఇట్లాగే అర్థం చేసుకున్నారు. బి.ఏ. చదివిన మూడేళ్లూ రోజూ గంట ముందు బయలుదేరి, ఆమె దుకాణం మీదుగా కాలేజీకి పోయేదాన్ని. మొదటి ఏడాది దాన్ని నాలుక రుచి అన్నారు. రెండో ఏడాది ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కూడా అక్కడ తింటారని ఎవరో చెవిన వేస్తే, పిల్ల చేజారుతోందన్నారు. మూడో ఏడాది సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. "ఆమె దగ్గర నీకేం పని?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని కాబోలు. ఆమె మా బాపుకు స్వయానా వదిన. మా ఇంటి పెద్దకోడలు. మైలు దూరంలో ఉన్న ఆ మనిషి దగ్గరికి పట్టపగలు ముందు వాకిట్లోంచి వెళ్లేది మా ఇంట్లో నేనొక్కదాన్నే.

మీరు వరంగల్ వాళ్లయితే ఆమె దుకాణం మీకు తెలిసే ఉంటుంది. వానలు వెనకబట్టి, పొద్దున పూట జర చలి మొదలయ్యే ఈ రోజుల్లో వేడి గారెలు తినాలంటే మన దగ్గర మూడు చోట్లున్నాయి. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో గారె చూడటానికి బంగారంలా ఉంటుంది, పిండితే చెయ్యంతా నూనె. రైలు దిగినవాడు మళ్లీ రాడన్న ధీమాతో వేసిన గారె అది. ధాన్యం మండి దగ్గర వేసేవి హమాలీల కోసం, అరచేయంత. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు, మధ్యలో పచ్చిపిండి వాసన మాత్రం ఉంటుంది. మూడోది హనుమకొండ దారిలో మా పెద్దమ్మది. బోర్డు లేదు. ఒక గది, ముందు పొయ్యి, పొయ్యి వెనక తెల్లచీరలో ఆమె. పైన కరకరలాడి, లోపల దూదిలా విడిపోయే గారె ఆ ఒక్కచోటే దొరికేది. దొరికేది అని రాస్తుంటే చేయి ఆగుతోంది.

ఆ మూడేళ్లూ పక్కన కూర్చుని ఆమె పని నేర్చుకున్నాను. రుబ్బిన పిండిని ఆమె చిటికెడు తీసి చెంబులో నీళ్ల మీద వేసేది. తేలితేనే పొయ్యి అంటించేది. మునిగితే మళ్లీ రోలు దగ్గర కూర్చునేది, బయట ఎంతమంది నిలబడి ఉన్నా సరే. "మిల్లు సైరన్ కొడ్తది అవ్వా, జల్ది ఎయ్యి" అని కార్మికులు గోల చేస్తే, "మీ సైరన్‌కు నా పిండి భయపడదు, నిలబడుండ్రి" అనేది. రెండోసారి అల్లం పచ్చడి అడిగితే కళ్లతోనే కసిరేది. ఆమె తీపి మనిషి కాదు. పోయినవాళ్లందరినీ తీయగా గుర్తుచేసుకోవాలన్న నియమం నాకూ లేదు.

ఒకరోజు ఇంజనీరింగ్ పిల్లలు నలుగురు వచ్చి వంతెనల గురించి ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. ఈమె గరిటె ఆపి, "ఓ ఇంజనీర్లూ, గారె నడుమ బొక్క ఎందుకో చెప్పుండ్రి" అంది.

"వేడి నడుమకు పోవాలె గదా అవ్వా" అన్నాడు ఒకడు.

"బొక్క లేకుంటె పోదా?"

వాడు చేతిలోని గారెను తిప్పి చూశాడు.

"పోతది బిడ్డా. పైన మాడినంక పోతది. నువ్వు కట్టే వంతెన మీద నేనైతె నడువ" అంది. మిగతా ముగ్గురూ పొలమారేట్టు నవ్వారు. ఆ నలుగురి సంగతి చెవిన పడే, మా ఇంట్లో నాకు పెళ్లి తొందర మొదలైంది.

ఆమె మా ఇల్లు విడిచిన కథ చెప్పాలి. ఆమె భర్త, మా పెద్దబాపు, చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. బట్టల వ్యాపారం ఉన్న ఉమ్మడి ఇంట్లో ఇరవై మందికి ఆమె ఏడేళ్లు వండింది. ఒకరోజు మా తాత ముందు నిలబడి, తన తమ్ముడి ఇంటి ముందుగది ఖాళీగా ఉందనీ, అక్కడ గారెల దుకాణం పెట్టుకుంటాననీ చెప్పింది. "షావుకారింటి కోడలు బజార్ల కూసోని గారెలేస్తదా?" అని తాత అరిచాడు. "ఇంట్ల ఏస్తె పున్నెం, బజార్ల ఏస్తె పాపమా మామా?" అని అడిగి, ఒక చీరల మూటతో వెళ్లిపోయింది. బంధువులకు మాత్రం ఒంట్లో బాగాలేక పుట్టింటికి పోయిందని చెప్పారు. ఊరంతా ఆమె చేతి గారెలు తింటుంటే, ఒంట్లో బాగాలేదని మావాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ మరుసటి ఏడు తాత పోయాడు. పెత్రమాస వచ్చింది. ఆ రోజు పోయినవాళ్లందరికీ ఒక్కొక్క విస్తరి వేసి, ఒక్కొక్కరి పేరు పిలిచి వడ్డిస్తాం. ఆ వంటలో గారెలు తప్పనిసరి. అమ్మ చేసిన గారెలు తాత పేరు చెప్పి గోడ మీద పెడితే కాకి వచ్చింది, చూసింది, ఎగిరిపోయింది. మధ్యాహ్నం దాటినా ముట్టలేదు. ఇంటిల్లిపాదీ పస్తు. చివరికి నాయనమ్మ మెల్లగా అంది: "ముసలాయనకు పెద్దకోడలి చేతి గారెలంటేనే పానం." అప్పుడు నాకు పదేళ్లు. ఇత్తడి గిన్నె చేతికిచ్చి, మీద గుడ్డ కప్పి, పెరటి తలుపులోంచి పంపారు. తెచ్చి పెడితే వాడకట్టులోని కాకులన్నీ మా గోడ మీదే వాలాయి. పరుగున పోయి పెద్దమ్మకు ఆ మాట చెప్తే, "కాకికి తెలిసింది గని మీ బాపుకు తెల్వది" అంది.

ఆనాటి నుంచి పదకొండు పెత్రమాసలు నేనే తెచ్చాను, పెరటి దారినే. పెద్దలకు పెట్టే వంట ముందుగా రుచి చూడకూడదు. ఆ రోజు ఆమె తెల్లవారకముందే తలస్నానం చేసి, ఊపిరి కూడా తగలకుండా ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకుని, ఉప్పును చేతి అంచనాతోనే వేసేది. మా గిన్నె నిండాకే దుకాణం తెరిచేది. ఇంట్లో భోజనాలకు వచ్చిన బంధువులు గారె విరిచి, "ఏం చేసినవమ్మా!" అని మా అమ్మను మెచ్చుకునేవాళ్లు. అమ్మ తల వంచుకునేది. బాపు మీసం దువ్వుకునేవాడు.

కాలేజీలో చేరిన ఏడు ఉండబట్టలేక అడిగాను. "వాళ్లు నిన్ను గడప తొక్కనియ్యరు. నువ్వెందుకు చేస్తవ్ పెద్దమ్మా?"

"మీ బాపుకు చేస్తాన్ననుకున్నవా? మీ పెద్దబాపుకు చేస్తాన్న. ఆయన విస్తరి ఆ ఇంట్లనే ఏస్తరు. నా దుకాణానికి ఆయన రాలేడు గదా." నూనెలోకే చూస్తూ అంది: "నేను పోయినంక నన్ను ఆయన పక్కకు కలుపమను పిల్లా. అంతకంటె నాకేం వద్దు."

పోయిన మనిషిని ఇంటి పెద్దల్లో కలపాలంటే, పెత్రమాస నాడు కొత్తగా ఒక విస్తరి వేసి, ఆ పేరు కూడా పిలవాలి. ఆమె అడిగింది ఆ ఒక్క విస్తరి. నేను సరేనన్నాను. నా చేతిలో ఉన్న పనే అనుకున్నాను.

దహనానికి ఆమె తమ్ముడే కొరివి పెట్టాడు. మా బాపు వచ్చాడు. పాడె లేచేటప్పుడు వీధి అవతల గొడుగు వేసుకుని నిలబడి, వచ్చినవాళ్లతో, "మా వదిన చేతి గారె అసొంటిది వరంగల్ మొత్తంల లేదు" అన్నాడు. ఎవరో తల ఊపారు. ఆయన ఆ దుకాణంలో ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

మొన్న అమ్మ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "పెత్రమాస వచ్చె. ఆమె కాడ నేర్చుకున్నవు గద బిడ్డా. ఈసారి నువ్వు చెయ్యి."

"చేస్త. పెద్దమ్మకు ఆకేస్తరా?"

అమ్మ బాపు వైపు చూసింది. బాపు అన్నాడు: "ఇల్లిడిసి పోయినామెకు ఇంట్ల ఆకెట్ల ఏస్తరే? వాళ్ల తమ్ముడున్నడు. వాళ్లింట్ల కలుపుకోనీ."

"పెద్దబాపు ఆకు ఈడ, ఆమె ఆకు ఆడనా? పదకొండేండ్లు మన పెద్దలు తిన్నయి ఎవరి చేతియి బాపూ?"

"ఇంట్ల చేసినయి."

"నేను తెచ్చిన గద, పెరటి దారిన."

"నిమ్మళంగ మాట్లాడు. బజార్ల వినవడ్తది."

ఆయన ఫికర్ అంతా అదే. ఆమె ఆకలి కాదు, మాట కాదు, బజారు. నేను రాస్తున్న ఇది పేపర్లో అచ్చయితే బజారుకు వినబడుతుంది. వినబడనీ. నేను ఊహించని మాట మాత్రం ఒకటి అమ్మ నోట వచ్చింది. బాపు లేచిపోయాక, "ఆమె పేరు నేను మనసుల పిలుస్త తియ్యి" అంది. ఇన్నేళ్లు ఇంకొకరి గారెలకు మెప్పు మూటగట్టుకున్న అమ్మ ఇవ్వగలిగింది అంతే. నాకు కోపం తగ్గలేదు.

నిన్న పొద్దున దుకాణం దాకా వెళ్లాను. గారెలు పెట్టివ్వడానికి ఏటూరునాగారం వైపు నుంచి మోదుగాకులు తెచ్చే మనిషికి ఎవరూ చెప్పలేదనుకుంటాను. కొత్త ఆకుల కట్ట మూసిన తలుపు ముందు పెట్టి పోయింది. మంచుకు తడిసి, ఎండకు అంచులు ముడుచుకుంటున్నాయి. మిల్లు వాళ్లు ఇద్దరు ఆగి, ఆ కట్టను చూసి, "ఈ పొద్దు తెరుస్తరేమో" అని కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

ఆమె తమ్ముడితో మాట్లాడాను. గది నాకు ఇస్తానన్నాడు. ఆమె విస్తరి తన ఇంట్లో వేస్తానన్నాడు, పెద్దబాపుకు కూడా పక్కనే ఇంకొకటి. రెండు పేర్లూ కలిపి పిలుస్తారు. ఆ రెండు విస్తళ్లకూ గారెలు నేను చేస్తాను. మా ఇంటికి చేయను. పెత్రమాస మర్నాటి నుంచి దుకాణం నేను నడుపుతాను.