పూరీలో ఎవరింట దిగావు?

పనసపేటలో వైకుంఠరావు మాట కాదన్నవాడు లేడు. కాదనాలని లోలోపల అందరికీ ఉండేది గాని ఆ ముచ్చట ఎవరికీ తీరలేదు. ఉద్దానం కొబ్బరితోటల మధ్య అదొక చిన్న ఊరు. కులపెద్ద ఆయనే, తగువు తీర్చేదీ ఆయనే, తీర్చడానికి ఏమీ లేని రోజున తగువు పెట్టేదీ ఆయనే. పలాసకు రైలు పడ్డాక ఇంకో పెత్తనం కూడా నెత్తికెత్తుకున్నాడు. ఏటా ఆషాఢంలో ఊరివాళ్ళను వెంటబెట్టుకుని పూరీ రథయాత్రకు తీసుకుపోయేవాడు. ఎవరు రావాలి, ఏ రైలెక్కాలి, పూరీలో ఏ వీధిలో ఎవరింట దిగాలి, అంతా ఆయన చెప్పినట్టే. యాత్ర నుంచి వచ్చినవాళ్ళను ఊళ్ళో మొదట అడిగే మాట దేవుడి గురించి కాదు, "ఎవులింట దిగినారు?" అని. బడదండ మీద, గుడి సింహద్వారం కనబడేచోట దిగామని చెప్పుకోవడం పెద్ద గొప్ప. బడదండ అంటే రథాలు నడిచే రాజవీధి. సందుల్లో దిగినవాళ్ళు ఆ ప్రశ్న వినబడనట్టు పక్కకు తప్పుకునేవాళ్ళు.

బుచ్చమ్మ ఆ ఊళ్ళోనే పుట్టి, మేనత్త కొడుకు సన్యాసిని చేసుకుని ఆ ఊళ్ళోనే మెట్టింది. రాలిన కొబ్బరాకులు ఏరి దడులల్లడం, జీడిగింజలు కాల్చి కొట్టడం, ఆ నల్లబడ్డ వేళ్ళతోనే ఇంత వండి పెట్టడం, ఇదీ ఆమె బతుకు. పుట్టిన పిల్లలిద్దరూ పురుడు వెళ్ళకుండానే పోయారు. మూడోవాడైనా దక్కితే ఎత్తుకొచ్చి నీ రథం చూపిస్తానని జగన్నాథుడికి మొక్కుకుంది. పోలుగాడు దక్కాడు. వాడికి నడక వచ్చిన ఏడు, వైకుంఠరావు కాళ్ళావేళ్ళా పడి మొగుడూ పెళ్ళాలు యాత్రలో చేరారు.

బడదండ మీద, యాత్రికులకు బస ఇచ్చే గుడి పూజారి పండాగారి మేడ. వీధివైపు గోడలకు తెల్లటి సున్నం, లోపల పట్టపగలే చీకటి. గదిలో పడుకుంటే ఒకరి మోకాళ్ళు ఇంకొకరి వీపులో గుచ్చుకునేవి. పెరట్లో ఒకటే నుయ్యి, దాని పక్కనే దొడ్డి. తోడిన నీళ్ళు పసరు రంగులో ఉండేవి. అయినా మేడ మీద నుంచి చూస్తే సింహద్వారం కనబడుతుంది గనక మనవాళ్ళంతా మురిసిపోయారు. గాలి వచ్చే ఒక్క గదీ వైకుంఠరావు పుచ్చుకున్నాడు. దేవుడికని ఇంటినుంచి తెచ్చిన బొండాల బస్తా కూడా ఆ గదిలోనే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తెలుగు మాటలు చెవినపడి వీధిలో ఒక చేపలమ్మి ఆగింది. ఆమె నూకాలమ్మ. భావనపాడు పిల్ల. చిన్నప్పుడు తల్లి వెంట ఎండుచేపల గంపతో పనసపేట వచ్చి, బుచ్చమ్మతో తొక్కుడుబిళ్ళ ఆడేది. మన తీరం నుంచి పోయిన సముద్రపువాళ్ళు పూరీ ఇసుక మీద ఒక పేటే కట్టుకున్నారు. నూకాలమ్మను ఆ పేటకే ఇచ్చారు. బుచ్చమ్మను గుర్తుపట్టి వీధిలోనే కావలించుకోబోయి, వైకుంఠరావు మొహం చూసి ఆగిపోయింది. పరుగున పోయి ఆకుదొన్నెలో మహాప్రసాదం తెచ్చింది.

మహాప్రసాదానికి అంటు లేదు. ఎవరి చేతిలోదైనా తినాల్సిందే, వద్దంటే పాపం. ఒకరి నోట్లో ఒకరు ఆ మెతుకులు పెట్టుకుంటే చచ్చేదాకా నేస్తాలు. నూకాలమ్మ, బుచ్చమ్మ అలా పెట్టుకున్నారు. ఆ చేత్తోనే నూకాలమ్మ అందరికీ పెట్టింది. వైకుంఠరావు కూడా కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

"బాబూ, ఈ కొంపలో ఉండకండి," అంది నూకాలమ్మ. "ఏటేటా ఈ యీదిలోనే మనుసులు పోతారు. మా ఇసక మీదికి రండి. రోజూ కొత్త సెలమ తీత్తాం, నీల్లు అద్దంలాగుంతాయి. గాలి కొడతాది. మన మాటే వినబడతాది."

వైకుంఠరావు మూతి తుడుచుకున్నాడు. "పెసాదం తిన్నాం గదా అని సేపలోల్ల కొంపలో పడుకుంతామేటే? అది దేవుడన్నం. నీ సెలమ నీల్లు దేవుడియా?"

అందరూ నవ్వారు. సన్యాసి కూడా నవ్వాడు, నలుగురూ నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని. నూకాలమ్మ పోతూ పోతూ, సముద్రం ఒడ్డుకొచ్చి భావనపాడు నూకాలు ఇల్లేదని అడిగితే ఎవరైనా చూపిస్తారని బుచ్చమ్మ చెవిలో చెప్పింది.

రథం కదలకముందే మేడలోకి మరిడి, అదే కలరా, వచ్చింది. కింది గదిలో బెంగాలు ముసలామె ఒకతె వాంతులు, విరేచనాలతో తెల్లారేసరికి ముడుచుకుపోయింది. మధ్యాహ్నానికి మనవాళ్ళలో ఇద్దరు మంచం పట్టారు. సర్కారు వాళ్ళకు తెలిస్తే మేడకు తాళం పడుతుందని పండాగారి మనుషులు శవాల మీద చాపలు కప్పి దొడ్డిదారిన బళ్ళకెత్తారు. "ఎవులూ కదలొద్దు," అన్నాడు వైకుంఠరావు తన గది గుమ్మంలో నిలబడి. "జగన్నాథుడి కాల్ల కాడ పోతే పుణ్ణెం. ఇక్కడ సచ్చినోడికి మల్లీ పుట్టుక నేదు." ఆ పుణ్యం మీద ఆయనకు పెద్ద ఆశ ఉన్నట్టు లేదు. అప్పటికే నూతినీళ్ళు మానేసి దేవుడి బొండాలు కొట్టుకు తాగుతున్నాడు.

పోలుగాడు ఒకసారి కక్కుకున్నాడు. ఇద్దరిని మట్టిలో పెట్టిన తల్లి బుచ్చమ్మ. మొగుడి చెయ్యి పట్టుకుంది. "లేవయ్యా, నూకాలు ఇంటికెల్లిపోదాం. గుంటడు సచ్చిపోతాడు."

సన్యాసి కొడుకు వైపు చూశాడు, తర్వాత వైకుంఠరావు గది వైపు చూశాడు. "ఎల్తే మల్లీ ఊల్లోకి రానిత్తారేటే?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. భయస్తుడు, అంతే. ఆ భయమే అతన్ని చంపింది.

బుచ్చమ్మ పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఒక్కతే బయటపడింది. వీధి నిండా జనం, మధ్యలో రథాలు, చెవులు చిల్లులు పడే గంటలు. మొక్కు తీర్చుకోవాల్సిన రథం పక్కనుంచే, దాని వైపు తల కూడా తిప్పకుండా, జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ సముద్రం దాకా పరుగెత్తింది. నూకాలమ్మ చేతులు చాచి పిల్లాణ్ణి అందుకుంది. పిల్లాడి బట్టలు తీసేసి కడిగింది. చెలమనీళ్ళతో ఉప్పుగంజి కాచి చెంచాడు చెంచాడు పోసింది. ఆమె, బుచ్చమ్మ, వంతులేసుకుని పోస్తూ కూర్చున్నారు. పోలుగాడు కళ్ళు తెరిచి గంజి కోసం ఏడ్చిననాడు ఇద్దరూ పిచ్చివాళ్ళలా నవ్వారు.

వాడు తేరుకున్నాక బుచ్చమ్మ మేడకు పోయి చూస్తే సన్యాసి చాప ఖాళీగా ఉంది. శవాన్ని ఏ బండిలో వేశారో, ఎక్కడ తగలబెట్టారో చెప్పినవాడు లేడు. వైకుంఠరావు మాత్రం బొండాల బస్తా ఖాళీ చేసి, దుక్కలా తిరుగు రైలెక్కాడు. పిల్లాణ్ణెత్తుకుని బుచ్చమ్మా ఆ రైలే ఎక్కింది.

పలాస స్టేషన్లో దిగగానే, చావు కబురు ముందే తెలిసి వచ్చిన ఊరి జనం ముందర ఆయన బుచ్చమ్మను నిలబెట్టాడు. మొగుడు పోయినందుకు ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు.

"మేడలోంచి పారిపోయినావు. పూరీలో ఎవులింట దిగినావే?"

ఆమెకు తెలుసు. చేపలవాళ్ళింట దిగానంటే వెలి. నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. సన్యాసి వాటా తోట దాయాదుల పాలవుతుంది. బతికించి తెచ్చుకున్న పిల్లాణ్ణి చంకనేసుకుని ఊరూరా అడుక్కోవాలి. పిల్లాడు ఆమె మెడ గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవులింటా దిగనేదు బాబూ. ఇసక మీద కూకున్నాను. నా కుండలో నానే వొండుకున్నాను."

"సేపలోల్ల నీల్లు తాగనేదు?"

"నేదు."

జగన్నాథుడి మీద ఒట్టు వేయించారు. వేసింది. అబద్ధమని తెలిసి కూడా నేను ఆమెను తిట్టలేను. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తిట్టక్కర్లేదు.

వానలు వెనకబట్టాక నూకాలమ్మ తమ్ముడు గున్నయ్య భావనపాడు నుంచి చేపలకావిడితో పనసపేట వచ్చాడు. పడుచువాడు, పడవ మీద చుక్కాని పట్టే చెయ్యి, కల్లాకపటం తెలియనివాడు. రచ్చబండ దగ్గర వైకుంఠరావు కూర్చుని ఉండగానే, చిన్నప్పుడు తల్లి వెంట వచ్చేటప్పుడే ఎరిగిన బుచ్చమ్మను చూసి మొహమంతా నవ్వుతో కేకేశాడు. "అమ్మా, మా అప్ప కబురెట్టినాది. గుంటడు ఎలగున్నాడు? గంజి అడుగుతన్నాడా ఇంకా? ఇదిగో, ఆడి మొలతాడు ఎండిమువ్వ. నీల్లు పోసినపుడు మా ఇంట్లో జారిపోనాదట."

వెండిమువ్వ అతని అరచేతిలో తళతళలాడింది. వైకుంఠరావు నెమ్మదిగా లేచాడు. ఆయన మొహంలో ఒక రకమైన సంతోషం కనబడింది.

"ఏటే బుచ్చీ? నీ గుంటడి మువ్వ ఈడి సేతికి ఎలగొచ్చినాది?"

బుచ్చమ్మ గున్నయ్య వైపు చూసింది. చంకలో పిల్లాడి వైపు చూసింది.

"నాకు తెలీదు. రైలు కాడ పోనాది. ఈడే దొంగిలించుంతాడు."

గున్నయ్యకు మొదట అర్థం కాలేదు. ఆమె హాస్యమాడుతోందనుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెడరెక్కలు విరిచి కొబ్బరిచెట్టుకు కట్టేటప్పుడు కూడా, "సెప్పమ్మా, నువ్వు సెప్పు, మా అప్ప కాడ ఉన్నావు గదా," అంటూనే ఉన్నాడు. రోకలితో కుడిచెయ్యి విరగ్గొట్టారు. ఎముక విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. చేపలు మట్టిలో పోసి తొక్కారు. బుచ్చమ్మ పిల్లాడి చెవులు మూసి, తాను మాత్రం అంతా విన్నది. మువ్వ ఆమెకు తిరిగిచ్చేశారు. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగింది. ఇరుగు పొరుగు వచ్చి, పాపం, దొంగ దొరికాడు గదా అని ఓదార్చి పోయారు. గున్నయ్య మళ్ళీ చుక్కాని పట్టలేదు.

ఆ తర్వాత బుచ్చమ్మ ఏ రేవు వైపూ పోలేదు, చేప ముట్టలేదు. ఎంత నిష్ఠో అని ఊరు మెచ్చుకుంది. పోలుగాడు పోలారావు అయ్యాడు. ఇన్ని తోటల్లో వైకుంఠరావుకు సన్యాసి వాటా తోటే నచ్చి, మనవరాల్ని వాడికే ఇచ్చాడు. మంచం దిగలేని వయసు వచ్చాక యాత్ర పెత్తనం కూడా వాడికే అప్పజెప్పాడు. కొడుకు ఊళ్ళో మగాడిలా తిరుగుతుంటే చూసి తల్లి మురిసిందా అంటే, మురిసింది. తల్లి గదా. కాని వాడు చేపలవాళ్ళను చూసి ఉమ్మినప్పుడల్లా ఆమె లోపలికి పోయి కూర్చునేది.

జుట్టు నెరిశాక ఒకనాడు, "ఒక్కసారి పూరీ తీసుకెల్లు బాబూ," అంది. మొక్కు మిగిలిపోయిందని చెప్పింది. అసలు మిగిలింది ఏమిటో చెప్పలేదు. నూకాలమ్మ కాళ్ళ మీద పడి, తప్పయిపోయిందనాలి. ఆ ఒక్కమాట అనకుండా చావడం ఆమెకు ఇష్టం లేదు.

"ఈసారి ఇసక మీద దిగుదామేటి? గాలి బాగుంతాది," అని రైల్లో భయంభయంగా అడిగింది.

"ఆ కంపులోనా?" అన్నాడు పోలారావు. "మతి పోనాదేటమ్మా నీకు? మనకి బడదండే."

దిగిన మర్నాడు అతను పండాతో మాట్లాడుతుండగా బుచ్చమ్మ తడుముకుంటూ సముద్రం దాకా నడిచింది. భావనపాడు నూకాలు ఇల్లేదని అడిగింది. గుడిసె ముందర ఒక ముసలామె ఎండుచేపలు తిరగేస్తోంది. వీపు వంగిపోయినా ఆ చేతులు గుర్తే.

"నేస్తం," అంది బుచ్చమ్మ.

నూకాలమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. లేవలేదు, కూర్చోమనలేదు. "మా తమ్ముడు పోనాడు," అంది. "ఒంటిసెయ్యోడిని పడవెక్కించుకున్నోడు నేడు. అడుక్కొని తిని పోనాడు. దొంగన్న పేరు మాత్రం పోనేదు."

బుచ్చమ్మ ఇసుకలో కూలబడి ఆమె పాదాలు పట్టుకుంది. నూకాలమ్మ పాదాలు వెనక్కి తీసుకుంది.

"నా కాల్లెందుకు? గుంటడు బతికినాడా?"

"బతికినాడు. అదిగో, ఒత్తన్నాడు."

పోలారావు ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని వస్తున్నాడు. నూకాలమ్మ వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. ఒక్క క్షణం ఆమె మొహం మెత్తబడింది.

"ఆడికి సెప్పు," అంది మెల్లగా. "మా గున్నడు దొంగ కాదని, నువ్వు నా ఇంట దిగినావని, ఆడి ముందర ఒక్కపాలి సెప్పు. ఇంకేటీ వొద్దు నాకు."

పోలారావు దగ్గరికొచ్చేశాడు. "ఇక్కడేటి సేత్తన్నావమ్మా? ఎవులీవిడ?"

బుచ్చమ్మ కొడుకు మొహం చూసింది. అచ్చం సన్యాసి ముక్కు, సన్యాసి కళ్ళు. ఆ కళ్ళలో చూపు మాత్రం వైకుంఠరావుది. నోరు తెరిచింది. ఆమె చెప్పేదాని కోసం నూకాలమ్మ చేతిలోని చేపను కింద పెట్టకుండా అలాగే చూస్తోంది.

"ఎవులో తెలీదు బాబూ," అంది బుచ్చమ్మ. "తోవ తప్పిపోనాను. బస ఎటని అడుగుతన్నాను."

నూకాలమ్మ చేపను తిరగేసి ఎండలో పెట్టింది. ఆ చేత్తోనే ఊరి వైపు చూపించింది.

"బడదండ అటేపు బాబూ. జాగర్తగా తీసుకెల్లు మీ యమ్మని."