గిన్నె మీద వంగిన మా ఆడపడుచు

నాకు మొన్నటిదాకా చదువు రాదు. పోయిన మా ఆడపడుచు గురించి ఇది మరొకరి చేత రాయించే ధైర్యమూ లేకపోయింది.

ఆమెకి కిడ్నీలు పాడయ్యాక, నీళ్ళు కూడా కొలిచి తాగమన్నాడు డాక్టరు. శ్రీకాకుళంలో డయాలసిస్ అయిన ప్రతిసారీ నన్ను కొరియన్ నూడుల్స్ హోటలుకి తీసుకెళ్ళేది. ఎర్రటి సూపు గిన్నె మీద వంగి, ముఖానికి ఆవిరి పట్టించుకుని, నా ముందుకు తోసేది.

"నువ్వు తాగొదినా. నాను సూస్తాను."

చివరిసారి గిన్నె తోయలేదు. రెండు చేతులతో ఎత్తింది.

"ఒద్దే, సచ్చిపోతావు!"

"దాహంతో సచ్చీకంటే ఇది నయం కాదేటి?"

నేను ఆపలేదు. అడుగుదాకా తాగి, చాన్నాళ్ళకి నవ్వింది.

మర్నాడు పొద్దున్న ఊపిరందక ఆసుపత్రిలో పడింది. ఏం తాగిందని డాక్టరు నన్ను అడిగాడు. ఆమె నా వైపే చూస్తోంది. ఏమీ తాగలేదని చెప్పాను.