మేడం అనని మాట

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క వాక్యం. మీతో ఎందుకు చెబుతున్నానంటే, మీరు నా చిన్న కూతురు కాదు. ఆమె ముందు నాకు నోరు పెగలదు.

అప్పుడు మేం సూరత్‌లో నవాగామ్ నుంచి కామ్‌రేజ్ వైపు మారాం. మా ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానా అటు పోయింది. పిల్లల తెలుగు బడి దూరమైంది. దగ్గర్లోని గుజరాతీ బడిలో ఇద్దరూ ఇమడలేదు. ఇంటర్ దాకా చదివినదాన్ని, ఇంట్లోనే నేను చదివిస్తానని గొప్పగా చెప్పాను. లెక్కలు ఎలాగో నెట్టుకొచ్చాను. రాత దగ్గరే చిక్కొచ్చింది. పెద్దది పదకొండేళ్లకే పేజీలు నింపేది. తొమ్మిదేళ్ల చిన్నదానికి తన పేరు రాయాలన్నా చెమటలు పట్టేవి, అక్షరాలు తారుమారయ్యేవి. నోటితో మాత్రం ఎంత కథైనా చెప్పేది.

చీరలకు రాళ్లు అతికించే పని నేను ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆ చీరల కోసం సలాబత్‌పురా వెళ్లినప్పుడు, అక్కడుండే ఒక రిటైరైన తెలుగు టీచరమ్మకు ఇద్దరి నోటుపుస్తకాలూ చూపించాను. ఆమె రెండు రకాల పుస్తకాలు నా ముందు పెట్టింది. పెద్దదానికి వ్యాసాలు, ఉత్తరాలు. చిన్నదానికి వేరే పద్ధతి. పిల్ల కథ చెబుతుంటే నేను రాయాలి, ఆ రాసినదాని మీదే పిల్ల వేలితో దిద్దాలి, తర్వాత పెన్సిల్‌తో. రోజూ గంటసేపు పక్కనే కూర్చోవాలి. రెండేళ్లు పట్టినా తప్పకుండా వస్తుందని చెప్పింది.

పెద్దదాని పుస్తకాలు మాత్రమే తెచ్చాను.

ఎందుకు? గంట దొరకదనా? దొరికేది. చిన్నదాని చేతులు ఆ రాళ్ల పనిలో నాకంటే చురుకు. నేను ఒక పువ్వు అతికించేలోపు తను రెండు పూర్తిచేసేది. ఆ చేతులు నాకు కావాలి. పైగా పెద్దదాని వ్యాసాలు వాడలో అందరికీ చూపించి మురిసిపోయే నాకు, చిన్నదాని పక్కన కూర్చుని దిద్దించడమంటే తల కొట్టేసినట్టుండేది. కన్నతల్లినే, అయినా ఆ పిల్లంటే నాకు చిరాకు. ఇది ఎవరితోనూ అనలేదు.

ఆ సాయంత్రం ఆయన అడిగారు. "ఏమన్నది టీచరమ్మ?"

"పెద్దదానికి బుక్కులిచ్చింది. చిన్నదానికి రాత పట్టదంట. ఊకె సతాయించకుండ్రి అన్నది."

"గట్లెట్ల? జర నేర్పితే రాదా?"

"నేననలే. మేడమే అన్నది."

చిన్నది అక్కడే చీర మీద వంగి ఉంది. తలెత్తింది. "మేడం నన్ను చూడనే లేదు గదమ్మా. ఎట్ల ఎర్కైంది?"

"వాళ్లకు ఎర్కైతది బిడ్డా," అన్నాను.

మళ్లీ వంగి పని చేసుకుంది. ఏడ్చి ఉంటే నిజం చెప్పేసేదాన్నా? తెలియదు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ పెన్సిల్ అడగలేదు. నేనూ ఆమె చేతులు బంగారమని పదిమందిలో పొగుడుతూ కాలం గడిపాను. కొన్నేళ్లకు ఆ టీచరమ్మ పోయిందని తెలిసినప్పుడు నాకు ముందుగా కలిగింది ఏమిటో తెలుసా? ఊరట. ఇక ఎవరూ ఆమెను అడగలేరని.

చిన్నది ఇప్పుడు మా వీధిలోనే కాపురం ఉంటోంది. ఆమె కూతురికి నాలుగేళ్లు. మొన్న మా ఇంట్లో ఆ పసిది పలక మీద గీతలు వంకర పోతున్నాయని ఏడ్చింది. నా కూతురు దాన్ని ఒళ్లోకి తీసుకుని, "పోనీ బిడ్డా. మనకు రాత పట్టది. అప్పట్ల పెద్ద మేడమే చెప్పింది," అంది. ఎంతో ప్రేమగా అంది. నేను పక్కనే రొట్టెలు చేస్తున్నాను. రొట్టె మాడింది కానీ నేను నోరు తెరవలేదు.

ఈ కాగితం ఇంట్లో ఎక్కడ పడేసినా ఆమెకు చదవడం రాదు, రాతతోపాటే అదీ ఆగిపోయింది. ఆ ధైర్యంతోనే రాస్తున్నానేమో. ఎంత నీచం. అయినా ఒక్కసారి రాయనివ్వండి. మేడం ఆ మాట అనలేదు. నేనే అన్నాను.