గాదీ దిగిన మోకాలు

మా బాపుకి మోకాలి కంటే గాదీ ముఖ్యం. నాందేడ్‌లో మా బట్టల దుకాణంలో తెల్లగుడ్డ పరిచిన ఆ పరుపు మీద మఠం వేసుకుని కూర్చున్నవాడే సేట్. బెంచీ మీద కూర్చున్నవాడు గిరాకీ, నిలబడ్డవాడు గుమాస్తా. లోకంలో ఈ మూడు రకాల మనుషులే ఉన్నారని ఆయన గట్టి నమ్మకం. కణాల మీద పరిశోధన చేసే కూతురు ఏ రకమో ఆయనకు ఇప్పటికీ తేలలేదు. దుకాణానికి వెళ్తే నాకు బెంచీయే.

ఆ మోకాలి గుజ్జు అరిగి ఒకచోట చిల్లు పడింది. చిల్లు మీద కొల్లాజెన్ పొర అతికిస్తే, ఎముకలోంచి వచ్చే కణాలు అందులో కుదురుకుని కొత్త గుజ్జు కట్టుకుంటాయని డాక్టర్ చెప్పాడు. షరతు ఒక్కటే. ఇక జన్మలో మఠం వేసుకోకూడదు, కుర్చీయే గతి.

“గట్లయితే కుంటుకుంటనే ఉంట,” అన్నాడు బాపు.

ఒప్పించే పని నా మీద పడింది. ఇంత చదివించింది మరి దేనికి? బెంచీ మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాను.

“కణం దేని మీద కూసుంటే, ఆ కణం నడుమ ఉండే కేంద్రకం గట్ల మారుతది బాపు. గట్టి జాగల కూసుంటే చపాతీ లెక్క సాగుతది. అండ్ల జన్యువులు వేరే తీరుగ పనిచేస్తయి. గుజ్జు చేయాల్సిన కణం గాయం మచ్చలాంటి పీచు చేస్తది. మెత్తటి జాగల గుండ్రంగనే ఉండి గుజ్జు చేస్తది. ఆ పొర మెత్తగుంటది. నువ్వు కాలు మడిస్తే అది ఊడుతది.”

“అంటే కూసున్న జాగను బట్టి గుణం అంటవ్.”

“అవును.”

“మరి గట్టి జాగల ఏండ్లకేండ్లు కూసున్నదాన్ని మెత్తదాని మీదికి మారిస్తే, పాత గుణం మరుస్తదా?”

మా ల్యాబ్‌లో మేం రోజూ తల బద్దలుకొట్టుకునేది దాని మీదే. అబద్ధం చెప్పలేకపోయాను.

“ఎన్ని ఎక్కువ దినాలు కూసుంటే, మరుసుడు అంత కష్టం.”

“ఇగ నన్నేమో కుర్చీల కూసోమంటవ్.”

చివరికి ఒప్పుకున్నాడు. నా శాస్త్రం చూసి కాదు లెండి, మాహూర్ అమ్మవారి మెట్లు ఎక్కాలని.

పొర చక్కగా అతుక్కుంది. స్కాన్ చూసి డాక్టర్ మురిసిపోయాడు. ఆయన చేసిన పనికి నేను ల్యాబంతా దూద్‌పేడాలు పంచాను. బాపు కర్ర లేకుండా నడిచి దుకాణానికి వచ్చి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. గాదీ మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. దాని గుడ్డ మాత్రం రోజూ మార్పించేవాడు.

ఒక మధ్యాహ్నం నేను బెంచీ మీద ఉండగా కుండల్‌వాడి అనే ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఇంట్లో ప్రతి పెళ్ళికీ మా దగ్గరే బట్టలు తీసుకునే పాత గిరాకీ. చూపు మందగించింది. అలవాటుగా గాదీ వైపు చూశాడు. అది ఖాళీగా ఉండేసరికి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న మనిషిని అడిగాడు.

“సేట్ ఏడ వోయిండు?”

సేట్ ఈయనేనని చెప్పబోయాను. బాపు చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“ఆయన ఇగ రాడు,” అన్నాడు, బాగుపడిన మోకాలు నిమురుకుంటూ. “మీకేం గావాల్నో చెప్పున్రి.”